కొరుక్కుపేట గేటు

గేటు పడిందంటే మా పేటలో ఎవరూ తిట్టుకోరు.
సైకిలు దిగకుండానే ఒక కాలు నేలకానించి
గూడ్సు పెట్టెలు లెక్కపెడతారు.
ఈ వేసవిలో వరసగా తెల్లటి ట్యాంకర్లు.
లోపల పోతున్నది ఊపిరేనని ఎవరో అన్నాక
లెక్కపెట్టడం మానేశాం.

నిలబడటం మాకు కొత్త కాదు.
అయినా కార్పొరేషన్ బడి ముందు
సున్నంతో గీసిన గుండ్రాల్లో మూడో రోజు
సరిగ్గా నా ముందు మనిషితో టోకెన్లు అయిపోయాయి.
"ముడింజుదుమ్మా" అంది నర్సు పూంగొడి,
తన గొంతు కూడా అయిపోయినట్టు.

నాలుగో రోజు టోకెను దొరికింది, వయసు చాలలేదు.
ఆధార్‌లో నాకు నలభై మూడు.
సూదికి నలభై అయిదు కావాలి.
నిజానికి నాకు నలభై అయిదే.
తడ బడిలో చేర్చిన రోజు
మా నాయన తేదీ గుర్తురాక తడుముకుంటుంటే
శేషాచలం మాస్టారు జూన్ ఒకటి అని రాసేసి
"ఆడపిల్ల, రెండేళ్లు తక్కువుంటే మంచిదేలే" అన్నారట.
పెళ్లిచూపుల్లో పనికొచ్చిన ఆ రెండేళ్లు
పూంగొడి కంప్యూటర్ దగ్గర అడ్డం తిరిగాయి.

అక్క వనజాక్షికి ఈ బాధ లేదు.
బడి మొహం చూడలేదు కాబట్టి
ఆధార్ తీసినవాడు తన మొహం చూసి యాభై వేశాడు.
సూళ్లూరుపేటలో ఒక సూది అయింది,
రెండోదానికి రేపు రమ్మంటున్నారు, రోజూ.
ఈలోగా దాని కూతురు హైమ కనింది.
ఆడపిల్ల.

తడ ఎంత దూరమని?
హాట్‌బాక్సులో ఇడ్లీలు వేడి తగ్గకముందే దిగేదాన్ని.
ఇప్పుడు రైల్లేదు.
ఆరంబాక్కం దగ్గర డ్రమ్ములు, వెదురు బొంగులు,
గొడుగు కింద ఒక పోలీసు.
ఈ-పాస్‌కి కారణం చెప్పమన్నారు.
చావుకి గడి ఉంది. పెళ్లికి ఉంది. జబ్బుకి ఉంది.
పుట్టుకకి లేదు.
'ఇతరములు' రెండుసార్లు నొక్కాను, రెండుసార్లూ కాదన్నారు.
మూడోసారి చావు మీద వేలు ఆగింది.
ఎవరి పేరు రాయను?
ఫోను బోర్లించి మిషను ముందు కూర్చున్నాను.

సరుకులకి మాత్రం అడ్డం లేదంట.
అందుకని పసిదాని జుబ్బాలు సరుకయ్యాయి.
జాకెట్లలో మిగిలిన మెత్తటి ముక్కలు ఏరి,
ఒళ్లు ఒరుసుకోకుండా కుట్లు పైకి పెట్టి
ఆరు కుట్టాను.
పుచ్చకాయలు దించేసి ఖాళీగా తిరిగిపోతున్న కస్తూరయ్య
లారీ సీటు కింద పెట్టుకుపోయాడు.
దారిలో ఎన్ని రోజులు ఆగాడో,
అందేసరికి చంకల్లో పట్టేశాయట.

కొలత పంపవే అన్నాను.
అక్కకి అంకెలు రావు.
పసిదాని ఛాతీ చుట్టూ దారం చుట్టి, ముడేసి,
ఆ దారాన్నే పంపింది,
అగ్గిపెట్టెలో.

అప్పట్నుంచి దారాలే వస్తున్నాయి.
మొదటిది పద్నాలుగంగుళాలు.
రెండోది పదిహేనుకి చీమంత తక్కువ.
మూడోదానికి పాల వాసన.
పేరు పెట్టామని ఫోన్లో చెప్పారు, సరిగా వినపడలేదు.
మళ్లీ అడగలేదు.
ఎత్తుకున్నప్పుడు విందామని.

పద్దెనిమిది దాటితే చాలన్నారు తర్వాత.
మాస్టారి లెక్క కూడా చెల్లుతుందని ఎగిరి గంతేసి వెళ్లాను.
మందు రాలేదు.
ఇల్లంతా సూదులున్న మనిషిని,
గుచ్చుకుంటాయని మంచం కింద అయస్కాంతంతో ఏరేదాన్ని,
ఒక్క సూది కోసం వీధులు తిరుగుతున్నాను.

నిన్న సాయంత్రం మళ్లీ గేటు పడింది.
పర్సులో కొత్త అగ్గిపెట్టె.
పెట్టెలు పోతున్నంతసేపూ
దారాన్ని చూపుడు వేలికి చుట్టాను, విప్పాను, చుట్టాను.
ఏడు చుట్లు వచ్చి ఇంకా కొంచెం మిగిలింది.
మొన్నటిదానికి ఏమీ మిగల్లేదు.
ఆ కొస పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో,
గేటు లేచిన సంగతి
వెనకాల హారన్లు కొడితే తెలిసింది.