ఉభయుల సమ్మతితో

కోర్టు కాగితంలో ఆరో పేరా ఇలా ఉంది:
పిల్ల చదువు విషయం
ఉభయుల సమ్మతితో నిర్ణయించుకోవలెను.
కూరలో ఉప్పు దగ్గర కుదరని ఉభయులం.
ఫ్యాను ఎన్నో నంబరులో తిరగాలో
తొమ్మిదేళ్లు తేల్చుకోలేని ఉభయులం.

పర్లాకిమిడి స్టేషన్లో రెండో బెంచీ.
గుణుపురం బండికి ఇంకా నలభై నిమిషాలు.
మా ఇద్దరి మధ్య పిల్ల సంచీ.
పిల్ల మాత్రం బరువు తూచే మిషను
ఎక్కుతోంది, దిగుతోంది,
రూపాయి వెయ్యకుండానే.

సస్మిత చేతులకి ఇంకా కొమ్ము పొడి వాసన.
పొద్దున్నుంచి కొంగల మెడలు నునుపు చేసి వచ్చింది కాబోలు.
అడగలేదు.
అడిగే హక్కు నాలుగో పేరాలో పోయింది.

వీధిలో చిన్న బడి రెండో తరగతితో అయిపోయింది.
తను ఒడియా బడి దరఖాస్తు తీసింది.
నేను పాతపట్నం బడి రంగుల కాగితం తీశాను:
టై కట్టుకున్న పిల్లలు, పసుపు బస్సు.
మా అప్ప ఇల్లు ఆ సందు చివరే,
మహేంద్రతనయ వంతెన దాటితే చాలు, అన్నాను.
"ఏడేళ్ల పిల్ల రోజూ రాష్ట్రం దాటాలా?"
అంది తెలుగులో.
దెబ్బలాటకి నా భాష వాడుతుంది తను.
నేను తన భాషలో జవాబు చెప్తాను.
మా మధ్య మిగిలిన మర్యాద అదొక్కటే.

"అ ఆలు రాకపోతే నా సావు కబురు
ఏ బాసలో సదువుతాదిరా కూర్మా"
అని మా యమ్మ ఫోన్లో అన్నది కూడా చెప్పాను.
సస్మిత నవ్వింది. మా యమ్మంటే తనకి కోపం లేదు.

నిజానికి నాది పెద్ద వాదమేం కాదు, భయం.
ఒడియాలో మాట్లాడతాను, బేరమాడతాను,
నిద్రలో తిట్టుకుంటాను కూడా.
చదవలేను.
బస్సు బోర్డు పక్కవాణ్ణి అడిగే ఎక్కుతాను.
రేపు ఈ పిల్ల నోటుపుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెడితే
ప్రతి అక్షరం గొడుగేసుకుని
నాకు మొహం చాటేస్తుంది.

ఆ మాట మాత్రం చెప్పలేదు.
ఇంగ్లీషు, కంప్యూటర్, భవిష్యత్తు అన్నాను.
ఫీజు ఎంత అంది.
చెప్పాను.
తన వంతు సగం ఎంతో వేళ్ల మీద లెక్కేసి
చున్నీతో మొహం తుడుచుకుంది.

అప్పుడు నాలో ఏదో తేలికైంది.
దాన్ని త్యాగం అనకండి.
రైసుమిల్లులో తూకం వేసేవాడికి
ఏడాదికో ముప్ఫై రెండు వేలు
తప్పిపోతున్న తేలిక అది.
సిగ్గుపడ్డాను. తర్వాత, బండిలో.

పిల్లని పిలిచి అడిగాం, అడక్కూడదని తెలిసే.
ఎవరి దగ్గర ఉంటావని కోర్టులో అడిగినప్పటి మొహమే పెట్టింది.
జడ కొస నోట్లోకి పోయింది.
"సుభశ్రీ ఎందులో చేరితే అందులో."
సుభశ్రీ ఎవరో నాకు తెలీదు.
సస్మితకి తెలుసు.
సంతకం అక్కడే అయిపోయింది,
పెన్ను తర్వాత తీశాను.

తండ్రి అన్న గడి ఏదో తనే వేలుపెట్టి చూపించింది.
ఆ కాగితం మొత్తంలో
తలకట్టున్న ముక్క నా పేరొక్కటే.

బండి కదిలే ముందు కిటికీలోంచి
పిల్ల ఓ చీటీ అందించింది.
బఠాణీల పొట్లం చింపి, పెన్సిలుతో,
ఒడియాలో మూడు ముక్కలు.
నా పేరై ఉంటుందనుకున్నాను.
లేదా మరేదో, తండ్రులు అనుకునేది.
కాశీనగరం దాటేదాకా చూస్తూనే ఉన్నాను
ఆ గొడుగుల కింద ఎవరున్నారా అని.

నాలుగు రోజులు చొక్కా జేబులో ఉంది.
అయిదో రోజు, చెమటకి అలుక్కుపోతుందని
మిల్లులో లింగరాజుకి చూపించాను.
వాడు బస్తా దించి చదివాడు:
"రబ్బరు తేవాలి. వాసనది."

ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది.
గుణుపురంలో మూడు కొట్లు తిరిగాను.
ఏ వాసనో
రాయలేదు.