ఎడమ సీటు

పదిహేడేళ్లుగా నేను కూర్చునే చోటు ఎడమ పక్క.
పెరంబూర్ బ్యారక్స్ రోడ్డు, కొళత్తూరు, రెట్టేరి చెరువు మలుపు,
మళ్లీ పెరంబూర్.
నా కాళ్ల కింద రెండే పెడళ్లు,
ఒక క్లచ్చు, ఒక బ్రేకు.
మూడోది నాకెవరూ బిగించలేదు.
నేనూ అడగలేదు.

"మెల్లగా మేడమ్, మెల్లగా. ఆవును చూడండి.
ముందే తొక్కాలి బ్రేకు, అంతదాకా ఆగితే ఎలా?"
ఈ మాటలు నిద్రలో కూడా అంటానట.
ఓ రాత్రి కుడికాలు దుప్పటిని తొక్కి తొక్కి
మా చెల్లెలు పూర్ణిమ చాప తీసుకుని హాల్లోకి పోయింది.

నలభై మూడో ఏట ఇప్పుడు
ఫారం నింపుతున్నాను.
పేరు వకుళ. వృత్తి డ్రైవింగ్ నేర్పడం.
అనుభవం అన్న గడిలో ఏం రాయాలో తోచక
లేదు అని రాశాను.
ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలి, అన్న దగ్గర
పెన్ను కాసేపు న్యూట్రల్‌లో ఆగింది.
పూర్ణిమ నంబరు రాసి,
పగలు ఎత్తదు, మెసేజ్ పెట్టండి, అని పక్కన చేర్చాను.

విల్లివాక్కం డాక్టరు రంగుచుక్కల పుస్తకం తెరిచి
ఇందులో అంకె కనిపిస్తోందా అన్నాడు. కనిపించింది.
బీపీ పట్టీ బిగిస్తూ, "ఈ వయసులో రేసులా?"
నూట నలభై ఎనిమిది.
ఆ ప్రశ్న అడక్కుండా ఇంకోసారి చూడండి అన్నాను.
నూట ఇరవై నాలుగు.
ముద్ర వేశాడు.

ఓవరాల్ సెకండ్ హ్యాండ్. పాత యజమాని ఆరడుగుల మనిషి.
మోకాలి దగ్గర కమిలిన మరక.
ఏమైందని అడగలేదు.
టైలర్ ముత్తళగుకి మూడుసార్లు చెప్పాను,
నైలాన్ దారం వద్దన్నా, మంట తగిలితే కరిగి ఒంటికంటుకుంటుంది.
కాళ్లు కత్తిరించి, ఛాతీ మీద ఓ పాజిటివ్ అని కుట్టి,
కింద తమిళంలో నా పేరు ఊరికే వేసిచ్చాడు.
వాళ్ల రాతలో కకీ గకీ ఒకటే అక్షరం కదా,
చదివితే వగుళ.
పోనీ,
ఆదివారం ఆ వగుళే వెళ్లనీ.

సాయంత్రాలు మిద్దె మీద, దండెం దగ్గర చదువు.
పసుపు తువ్వాలు: ముందెవరో ఇరుక్కున్నారు, ఎవర్నీ దాటకు.
ఎర్ర లంగా: ఆట ఆగింది.
నీలం చీర: నీకన్నా వేగమైనవాడు వెనకున్నాడు, దారివ్వు.
అది మాత్రం బట్టీ పట్టక్కర్లేకపోయింది.
నల్లదానికి బట్ట దొరక్క
పూర్ణిమ మెట్ల మీదే గొడుగు విప్పి ఊపింది.
"వకుళా, నిన్ను లోపలికి రమ్మంటున్నారు."
అన్నం చల్లారిపోతోందట.

ఫర్హాద్ సార్ ఫోన్లో చెబుతారు:
గోడను చూడకు, చూసిన చోటికే బండి పోతుంది.
బ్రేకు ఆలస్యంగా, గట్టిగా, ఒక్కసారే. ఆపైన వదిలెయ్.
నేనిన్నాళ్లూ చెప్పిందంతా
ఒక్కొక్కటే తిరగేస్తున్నారాయన,
కుట్లు పైకి కనబడేలా.
"మొదటి రౌండ్లలో మీరు పక్కన కూర్చుంటారు కదా సార్,
మీ వైపు బ్రేకు ఉంటుందా?"
అవతల కాసేపు ట్రాఫిక్ చప్పుడు.
"బెల్టు ఉంటుందమ్మా."

శనివారం రాత్రి.
ఆదివారం ఆరింటి క్లాసు జ్ఞానశీలన్ గారిది, రిటైరైన పోస్ట్‌మాస్టర్,
థర్డ్ గేరంటే ఇంకా భయం.
రేపు క్లాసు లేదు సార్ అన్నాను.
"ఒంట్లో బాలేదా?"
"కాదు, నాకే క్లాసుంది. ఇరుంగాట్టుకోట్టైలో."
"రివర్స్ పార్కింగా?" అన్నారు,
తోటి బాధితుడి గొంతుతో.

బియ్యం డబ్బా మీద అరువు హెల్మెట్.
మూడున్నరకి అలారం.
పలచటి అడుగుల కొత్త బూట్లు, ఒకసారి తొడిగి చూసి విప్పేసి,
చీకట్లో మంచం అంచున కూర్చున్నాను.
కుడికాలు దాని పాత చోట వాలింది, అడక్కుండానే.
దాన్ని ఎత్తి
జానెడు కుడికి జరిపాను.
అక్కడ నేల చల్లగా ఉంది.