మాసిక

బుధవారం పదకొండున్నరకి
ఆల్టరేషన్ షాపు తలుపుకి
"అరగంటలో వస్తాను" అట్టముక్క తగిలించి వీధి దాటతాను.
ఆ అరగంట అరగంట కాదని
డులూత్‌లో నా దగ్గర ప్యాంట్లు పొట్టి చేయించుకున్న
ప్రతివాళ్ళకీ తెలుసు.

లిండ్‌క్విస్ట్ అప్పుడే పెట్టె టేపు కోస్తుంటాడు.
చవక కాగితం మీద ఖరీదైన నీలం వాసన.
నాలుగు కుర్చీలు, ఒకదానికి కాలు పొట్టి.
ఆ కుర్చీ ఆలస్యంగా వచ్చినవాళ్ళది, అంటే నాది.

ఆర్విల్ ముప్పై ఏళ్ళు రేవులో ఓడలకి ఇనుపరాయి ఎత్తాడు.
ఏ సంచికైనా వెనకనించి చదువుతాడు,
చావు ముందే తెలిస్తే గుండెకి మంచిదట.
డెలిసియాకి పదిహేడు.
ఈ వేళకి ఆమె కెమిస్ట్రీ క్లాసులో ఉండాలి.

ఈ వారం టిన్ శాలీ, రెండొందల పన్నెండు.

"చచ్చింది" అన్నాడు ఆర్విల్, కోటు ఇంకా విప్పకుండానే.
"చెప్పొద్దన్నానా!"
"ఇది మూడోసారి పిల్లా.
రెండు చావులకీ ఏడ్చాను. ఈసారి పూలు కూడా తేను.
పదికి నాలుగు."

డెలిసియా లేచి నిలబడింది.
"వంతెన కిందికి వెళ్ళింది చూశావా?
లేచొస్తుందని మనకి తెలుసు,
ఆవిడకి తెలీదు కదా!
తొమ్మిది."

"ఇంకు వేసే మనిషి మారాడు" అని లిండ్‌క్విస్ట్.
"ముక్కు చూడండి, బంగాళదుంప."
అతను మార్కులు వెయ్యడు,
ఎన్ని కాపీలు మిగిలాయో మాత్రం చెబుతాడు.

గోరంత ముక్కు మీద కొండంత రభస.
ఒకరు ఎనభైల నాటి సంచికలు సాక్ష్యం తెచ్చారు,
ఒకరు కథకుడి మీద కోపం రంగులవాడి మీద చూపించారు.
నేను పదకొండో పేజీ దగ్గరే ఆగిపోయాను.

కేప్ ఎడమ అంచున చిల్లు. చేప కన్నంత.
పంతొమ్మిదో పేజీలో ఆ చిల్లు లేదు.

"గీసినాయన మర్చిపోయాడు" అన్నాడు లిండ్‌క్విస్ట్.
భూతద్దం ఇటివ్వు, అన్నాను.

మూడు గీతలు. వెంట్రుక మందం. ఏటవాలుగా.
మర్చిపోయినవాడు అవి గీయడు.
మాసిక వేశారయ్యా ఇక్కడ.
చేతికుట్టు, ఎడమచేతి వాలు.
టిన్ శాలీ గుద్దేది కుడిచేత్తో.

ఎవరూ మాట్లాడలేదు.
కిందెక్కడో వంతెన లేచినట్టుంది,
సరస్సులోకి పోయే ఓడ ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వేసింది.

పదకొండుకీ పంతొమ్మిదికీ మధ్య
ఒకటే రాత్రి, కూలిన భవంతులు ఏడు.
ఆ మధ్యలో ఎప్పుడు కూర్చుంది?
ఏ దీపం కింద?
ఎవరు నోట్లో దారం తడిపి సూదికెక్కించారు?
ఎనిమిది పేజీల్లో ఆ గది లేదు.

ఆ తర్వాత చెప్పేదేముంది, షాపంతా తలకిందులు.
ఆర్విల్ పాత సంచికల పెట్టెలో మోచేతులదాకా దిగి
నూట ఎనభై ఏడులో భుజం మీద,
నూట నలభైలో చేతి తొడుగుకి,
"ఇదిగో! ఇక్కడా అదే వాలు!" అని
రేవులో ఓడని చూసినట్టు అరిచాడు.
"అయితే గళ్ళ బయట ఇంకెవరో ఉన్నారు" అంది డెలిసియా
చాలా నెమ్మదిగా.
కాకతాళీయం అన్నాడు లిండ్‌క్విస్ట్.
ఇప్పటికీ అదే అంటాడు.

ఆర్విల్ నాలుగు కొట్టేసి ఆరు వేశాడు.
"చావుకి కాదు, కుట్టుకి."

ఎడమచేత్తో కుట్టిన బట్ట దేవుడికి కట్టకూడదని
మా మేనత్త నా మణికట్టు మీద స్కేలుతో కొట్టేది.
ఈ సంగతి వాళ్ళకి చెప్పలేదు.
చెబితే నా సాక్ష్యం చెల్లదంటారు.

తిరిగొచ్చేసరికి ఒంటిగంటన్నర.
గుమ్మంలో ఒకావిడ, చేతిమీద చిరిగిన కోటు,
ముక్కు చలికి ఎర్రబడి.
"కుట్టు కనబడుతుందా?" అని అడిగింది.

కనబడదు, అన్నాను సూది అందుకుంటూ.
వెతికితే మాత్రం, మూడు గీతలు.