పేరు రాయని రాయి

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీ వెనక ఏరుకొచ్చిన
నాపరాతి ముక్కల మీద సుద్దతో పేర్లు రాస్తా.
పెయింటు డబ్బాకొకటి, మిద్దె మీద ఇరవై మూడు.

గిల్లితే పాలు కారిందా, అది బొమ్మజెముడు,
నా లెక్కలోకి రాదు.
అట్ట మీద అట్ట మొలిస్తే నాగజెముడే.
కానీ ఏ నాగజెముడు?
ముల్లు తెల్లదా, పసుపుదా, కన్నుకెన్ని,
భూతద్దం పెట్టి లెక్కపెడతా.
కంటికానని నూగుముళ్ళు మాత్రం
రాత్రంతా నా వేళ్ళు లెక్కపెడతాయి.

మొన్నొకదానికి తెల్లగా దూది పట్టింది.
నలిపితే బొటనవేలంతా నెత్తురు.
పురుగుదేలే, నాది కాదు.

పెన్న ఒడ్డున కూలిన గోడ దగ్గర తెంపుకొచ్చిన అట్ట,
వారం నీడన ఆరబెట్టి ఇసకలో నిలబెట్టింది,
నాలుగేండ్లుగా దాని రాతి మీద
'తెలీదు' అనే ఉంది.
ఈ ఎండాకాలం పూసింది.
పొద్దున నిమ్మపండు, మాపటికి ఇటుకపొడి.
ఏ పుస్తకంలో పూవుతోనూ కలవలా.

కాయ ఎర్రబడినాక
ట్యాంకు కడగడానికొచ్చిన హుసేనమ్మ
కొంగు చుట్టి తెంపి, గరుకుబండకు రుద్ది,
ఒలిచి నోట్లో వేసుకుంది.
ఎర్రటి నాలిక చాపి నవ్వింది:
"పాపాసుకాయ గదక్కా!
దీనికి అద్దమెందుకు?"

రాయి తుడిచినా.
సుద్దముక్క యాడ పెట్టినానో.