రెండో బ్రేకు

మొదటిరోజు కారు తాళం నా జేబులోనే ఉంటుంది.
నేర్చుకోడానికొచ్చినవాళ్ళని రణస్థలం అవతల
హైవే అంచున నిలబెట్టి
"అటు దాటి, మళ్ళీ ఇటు దాటి రా" అంటాను.
ఆ పూటకి అంతే పాఠం.
ఇచ్ఛాపురం వైపు పోయే లారీల గాలి
పైటనో చొక్కానో పట్టి ఓసారి లాగి వదిలేస్తుంది.
కొత్త కారు బుక్ చేసుకున్న ఒకాయన
"దాటడానికేటి మాస్టారూ, ఫీజు కట్నాను?" అని నవ్వాడు.
దాటి వచ్చాక నవ్వలేదు.
అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పదకొండేళ్ళ కిందట ఈ పాఠం లేదు.

అప్పుడు బలివాడ మోహన్ అని ఒక కుర్రాడు,
నాలుగు రోజులొచ్చాడు.
క్లచ్ మీద కాలు, ఫోన్ మీద కన్ను.
అయిదో రోజు వాళ్ళ మావయ్య వచ్చి
బల్ల మీద మిఠాయి డబ్బా పెట్టి
"ఇరవయ్యొక్క రోజులని రాసీండి బావూ,
నేకపోతే గుంటడి డ్యూటీ పోద్ది" అన్నాడు.
రాశాను.
నీలం సిరా. గుంట్రెడ్డి తవిటినాయుడు, వంకర లేకుండా.
డబ్బాలో కాజాలు. ఇంటిల్లిపాదీ తిన్నాం.

ఆ వేసవిలో
సర్వీసు రోడ్డు సగం మేర మొక్కజొన్న ఆరబోసుకుని
చింతాడ ఎర్రమ్మ కూర్చుని ఉంది.
గింజల మీద వ్యాను టైరు జారిందన్నారు.
కంగారులో బ్రేకు తొక్కేశాడన్నారు.
రోడ్డు మీద పంట ఎవరారబొయ్యమన్నారన్నారు.
అన్నీ నిజాలే.
ఎర్రమ్మకి ఎడంకాలు మోకాలి దిగువన లేదు.
అదీ నిజమే.

పోలీసులు మోహన్ని అడిగారు, ఓనర్ని అడిగారు,
ఆసుపత్రి మంచం మీద ఎర్రమ్మనీ అడిగారు.
నన్నెవరూ అడగలేదు.
రోడ్డు మీద గింజలు కనిపిస్తే ముందే కాలు తీసెయ్యాలని,
వాటి మీదికెక్కాక బ్రేకు తొక్కకూడదని
నేను చెప్పేది అయిదో రోజు.

నా కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది.
కొత్తవాళ్ళకి అదే ధైర్యం.
నాకేమో అది రోగమైపోయింది.
నిద్దర్లో మంచం పట్టెని తంతానట, మా ఆవిడ చెప్తుంది.
బస్సెక్కితే ముందు సీటు కింది రాడ్డు తొక్కుతూ కూర్చుంటాను.
డ్రైవరుకి నా కాలి సంగతి తెలీదు.

మొన్న చేపల మైలపల్లి నూకరత్నం వచ్చింది.
చింతపల్లి తీరం నుంచి ట్రాలీ తనే తోలుకోవాలట,
కిరాయి మిగుల్తుందట.
పదిహేనో రోజు, మలుపు తిరిగిన వెంటనే
బండి పక్కకి తీసి ఆపేసింది.
"మాస్టారూ, ఆ రెండో బ్రేకు నా బండికుంటాదేటి?"
"ఉండదు."
"అయితే మీ కాలు పైకెట్టీండి.
మీరున్నారు కదా అని నాను సూడ్డం మానేత్తన్నాను."

ఇన్నేళ్ళలో ఎవరూ నాతో అలా అనలేదు.
చెప్పులు కింద వదిలేసి
సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాను,
పెళ్ళి భోజనానికి కూర్చున్నట్టు.
కుడికాలు బొటనవేలు మాత్రం తనంతట తానే వంగుతోంది.
చేత్తో పట్టుకున్నాను.

సర్వీసు రోడ్డు. సగం మేర పసుప్పచ్చ.
ఎర్రమ్మ పీట మీద కూర్చుని
కర్రతో గింజలు నెరుపుతోంది.
దూరం నుంచే నూకరత్నం కాలు తీసింది.
ఇంజను గొంతు తగ్గింది.
ఎదురుగా వచ్చే ఆటోకి దారిచ్చి ఆగి,
గింజ మీద చక్రం పడకుండా అంచెంట పోనిచ్చింది.

ఎర్రమ్మ తలెత్తలేదు.
తలెత్తాల్సినంత ఏమీ జరగలేదు.

అద్దం దించుదామని చెయ్యి వేశాను.
దించి ఏం చెప్పను, నా పేరా?
కర్ర చప్పుడు కాసేపు వెనక వినిపించింది.
"థర్డ్ వెయ్యమంటారా?" అంది నూకరత్నం.
"నువ్వే చూసుకో" అన్నాను.