గడప దగ్గర ఒకటి

తిరువొత్తియూరులో సీమంతం.
పిల్ల చేతులకి గాజులు ఎక్కుతున్నాయి.
నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను.
నొక్కినప్పుడల్లా బొమ్మ వచ్చి
రెండు సెకన్లు నిలబడి వెళ్ళిపోతోంది,
అద్దిల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళలా.
మూలన చిన్న ఎర్రక్షరాలు.
ఇరవై నిమిషాల తర్వాత చదివాను:
కార్డు లేదు.

కార్డు చూళైలో, మా ఇంట్లో,
కంప్యూటరు నోట్లో ఉంది.
అది లేకపోయినా నొక్కనిచ్చే సుగుణం
కెమెరాకి పుట్టుకతోనే ఉందట,
దుకాణంలో బేరగాళ్ళకి చూపించుకోడానికి.

ఎలా గట్టెక్కానో అడక్కండి.
మునిరత్నం సెల్‌ఫోను,
సగం డబ్బు, పూర్తి తిట్లు.

ఆ రాత్రే మెనూలో వెతికి
ఆ సుగుణం పీక నొక్కాను.

కార్డు బయటికి తీస్తే
కెమెరా తలుపు మూయకూడదన్నది తర్వాతి నియమం.
నోరు తెరుచుకుని కూర్చుంటుంది, ఆకలేసిందని.
ఇది నా తెలివి కాదు.
మా దొరస్వామిగారు రీలు డబ్బా అట్ట చింపి
కెమెరా వీపున దోపేవారు:
అట్ట ఉంటే కడుపులో ఉన్నట్టు,
లేకపోతే లేనట్టు.

పర్సులో చిల్లర పక్కన ఒక కార్డు పెట్టాను.
చీకట్లో రూపాయి బిళ్ళలతోపాటు
కూరల దేవానైకి ఇచ్చేశాను.
అటూ ఇటూ తిప్పి చూసి
"ఇది చెల్లదు సామీ" అంది.

స్కూటరు డిక్కీలో ఒకటి, స్పానర్ల పక్కన.
డిసెంబరు నీళ్ళలో స్కూటరుతోపాటు మునిగింది.
బియ్యంలో పెట్టి ఆరబెట్టి చూస్తే
మూడు నామకరణాలు, ఒక షష్టిపూర్తి
బతికే ఉన్నాయి.
స్కూటరే పోయింది.

మునిరత్నం తాళాల గుత్తికి కట్టుకున్నాడు,
ఇంటికి తాళం వేయకుండా ఎలా వెళ్తానన్నా అని.
వాళ్ళింట్లో పదకొండు మంది.
ఆ ఇంటికి తాళం వేసిన రోజు
వాడికే గుర్తు లేదు.

అందుకని ఇప్పుడు నేను చేసేది ఒకటే.
గడప దాటేముందు ఒకటి కొడతాను.
వెనక్కి తిప్పి చూసుకుంటాను.
ఉందా? ఉంది. పద.

చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ
కెమెరా ఎటు తిరిగి ఉంటే అటు:
సగం ముగ్గు,
పాల ప్యాకెట్టు,
నీళ్ళ లారీ కోసం వరసన నిలబడ్డ
పచ్చ, గులాబి, నీలం బిందెలు,
మెట్ల మీద పిల్లి తోక, పిల్లి లేకుండా,
ఎక్కువసార్లు చారుమతి,
చీపురెత్తి, పక్కకి జరగమంటూ.

సాయంత్రం చెరిపేస్తాను.
చెరిపేశాననే అనుకున్నాను.

ఆవణి మాసంలో విల్లివాక్కం పెళ్ళి.
ఆల్బం ఇచ్చిన వారానికి
పెళ్ళికొడుకు తండ్రి ఫోను.
"అన్నీ బావున్నాయి.
మొదటి పేజీలో ఒకావిడ ఉంది,
చీపురు పట్టుకుని.
మావైపు మనిషి కాదు.
అమ్మాయివైపు వాళ్ళూ కాదంటున్నారు."

చెవులు కాలాయి.
నా ఖర్చుతో మళ్ళీ వేయిస్తానన్నాను.
ఆయన కాసేపు ఊరుకుని
"వద్దులెండి, మా అమ్మ ఒప్పుకోవట్లేదు.
పెళ్ళంతటికీ పని చేస్తున్న మనిషి
ఈవిడొక్కతే కనబడుతోంది, ఉండనీ అంటోంది."

ఇంటికొచ్చి చారుమతికి చెప్పాను.
నవ్వుతుందనుకున్నాను.
"ఏ చీర?" అని మాత్రం అడిగింది.

మర్నాడు తాంబరం వెళ్ళాలి, తొలి ముహూర్తం.
కెమెరా ఎత్తేసరికి
చీపురు తలుపు వెనక ఉంది.
తను గడపకి ఆవల, కొంగు సర్దుకుని,
నుదుటి మీది తడి జుట్టు వెనక్కి తోసుకుని.

"కార్డు ఉందా?" అంది.