మూడు పైచిలుకు

మార్చి పద్నాలుగు.
రేపట్నుంచి ఒంటిపూట బడి.
ఎనిమిదో తరగతికి చెప్పాను:
ఇవాళ పాఠం లేదు, పండగ.
దేనికండీ? అన్నారు.
పైకి, అన్నాను.
క్లాసు మొత్తం తలెత్తి
రేకుల కప్పు వైపు చూసింది.

కేకు కొనే పద్దు మా బడికి లేదు.
సువార్త వాళ్ళమ్మ
కిందా మీదా నిప్పులు పెట్టి
ఇత్తడి గిన్నెలో కాల్చిన మినపరొట్టె పంపింది,
అంచు కరకర, నడుమ దూది.
కోసే ముందు కొలవాలని షరతు.
పీచుతాడు రొట్టె చుట్టూ తిప్పి,
విప్పి, అడ్డంగా పరిచి,
ఒకటి, రెండు, మూడు...
కాస్త తాడు మిగిలిపోయింది.
మూడు పైచిలుకండీ, అంది సువార్త.
బోర్డు మీద అదే రాశాను.

ఇక ఊరి మీద పడ్డారు.
ఆటో టైరు, గాబు అంచు, పాలక్యాను మూత,
పూతరేకులు తీసే బోర్లించిన కుండ
(చల్లారాకే ముట్టుకుంటామని ఒట్టు వేయించుకున్నాను).
కరీముల్లా అయితే
నిద్రపోతున్న తాత బొజ్జకి తాడు చుట్టేసి,
అడ్డం ఎలా కొలవాలో తెలీక
ఆయన లేచేదాకా అక్కడే కూర్చున్నాడు.
నూకరాజుకి రెండు పాయింటు తొమ్మిది వచ్చింది.
తాడు సాగిందండీ, అన్నాడు.

వాళ్ళ తాత సింగరాజు
ఏటిగట్టు మీద
విసురువలకి సీసపు గుళ్ళు కడుతున్నాడు.
దీనికింత హడావిడా, అన్నాడు.
మూర నిడివికి
ఆరు మూరల అంచు,
ఆ పైన ఏడు వేళ్ళు.
ఏడో వేలు నిండీ నిండకుండా.
ఆ వేళ్ళు మరిచావో
వల నీళ్ళమీద విచ్చుకోదు,
చేప నవ్వి పోద్ది.
ఎవరు నేర్పారు తాతా?
పాడైన నాలుగు వలలు, అన్నాడు
పళ్ళతో దారం తెంపుతూ.
నా చేతిలో సుద్దముక్క
ఎందుకో వెనక్కి దాచుకున్నాను.

సాయంత్రం నరసాపురం పంటు ఎక్కాను.
రేవులో వరసగా నిలబడి
తలా ఒక అంకె అరవడం ఆఖరి ఆట.
మూడు!
ఒకటి! నాలుగు! ఒకటి! అయిదు!
పంటు కదిలింది.
తొమ్మిది, రెండు, ఆరు, అయిదు,
ఇంజను చప్పుడు,
మూడు, అయిదు, ఎనిమిది,
తర్వాతది తొమ్మిదో ఏడో.

నడి ఏటికొచ్చేసరికి
గొంతులు అందలేదు.
చేతులు మాత్రం
ఒకదాని తర్వాత ఒకటి
లేస్తూనే ఉన్నాయి,
వరస చివరిదాకా వెళ్ళి
మళ్ళీ మొదటివాడి నుంచి.

టిక్కెట్లు కోసే అబ్బాయికి
ఇరవై కాగితం ఇచ్చాను.
చిల్లర లేదు టీచరుగారూ,
పైది రేపు చూసుకుందాం, అన్నాడు.